ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకమంటారా?

ఈ వారంలో ఆ సందేశం నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా బావమరిది పంపాడు, తర్వాత ఇద్దరు పాత సహోద్యోగులు, నిన్న రాత్రి మా పెద్దమ్మగారి అబ్బాయి. "కారులో కరెంటు పూర్తిగా పోయిందా? మెకానిక్కుకు డబ్బు తగలేయకండి" అని మొదలవుతుంది. చిట్కాలన్నీ అయ్యాక "పదిమందికి పంపండి" అని ముగుస్తుంది. పంపినవాళ్లలో ఒక్కరైనా చదివారా?

డాష్‌బోర్డులో ఒక్క లైటూ వెలగకపోతే బ్యాటరీ చచ్చినట్టే, కొత్తది కొనాలట. రాత్రంతా లైట్లు ఆర్పడం మరచిపోతే తప్ప బ్యాటరీ అలా చెప్పాపెట్టకుండా పోవడం తక్కువ. ముందు కొన్నాళ్లు సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, హెడ్‌లైట్లు మసకబారతాయి. నిన్నటిదాకా చక్కగా ఉన్న బండి ఒక్కసారిగా మూగబోతే టెర్మినళ్లు, ఎర్త్ వైరు, మెయిన్ ఫ్యూజు చూడాలి. కిందటేడాది మా కారు ఇలాగే ఆగింది. హెడ్‌లైట్ల స్విచ్చి వేసి ఉంచి, మల్టీమీటరు తీగలు బ్యాటరీ సీసపు బొడిపెల మీద ఆనిస్తే 12.5 వోల్టులు. ప్లస్ వైపు తీగను బొడిపె మీద నుంచి దానికి బిగించిన క్లాంపు మీదికి, అంటే అర అంగుళం పక్కకు జరిపాను. 3 వోల్టులు! క్లాంపు ఊడదీస్తే లోపల సున్నం పొరలా చిలుము. వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, గీకి, పానాతో బిగించాను. అంతే, బండి లేచింది.

టెర్మినళ్ల మీద కూల్‌డ్రింకు పోయమన్న చిట్కా చూసి మొదట మండిపడ్డాను. కానీ అది నిజమే. కోలాలో ఉండే ఫాస్ఫారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. తర్వాత ఆ జిగటంతా నీళ్లతో కడగాలి. ఇంట్లో వంటసోడా ఉంటే అదే మేలు.

అసలు నాకు నిద్ర పట్టనివ్వనిది మూడో చిట్కా. వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేశాక, ఇంజను నడుస్తుండగానే నెగటివ్ వైరు పీకాలట. ఇంజను ఆగకపోతే ఆల్టర్నేటర్, అంటే ఇంజను తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపేది, మంచిదట! అప్పటికి బ్యాటరీ ఖాళీగా ఉంది, ఆల్టర్నేటర్ దానిలోకి కరెంటు కుమ్మరిస్తోంది. ఆ క్షణంలో వైరు పీకితే ఆ కరెంటు ఎక్కడికి పోతుంది? ఆల్టర్నేటర్ లోపలి తీగచుట్టలో అయస్కాంత శక్తి చప్పున చావదు. వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకుతుంది. రక్షణ లేని 12 వోల్టుల బండిలో అది 100 దాకా పోగలదు. సెకనులో మూడో వంతు చాలు, ఇంజను కంప్యూటరుకు, ఎయిర్‌బ్యాగ్ పెట్టెకు చేటు. కొత్త ఆల్టర్నేటర్లలో చాలావాటికి ఆ పోటును 35 దగ్గర ఆపే డయోడ్లు ఉంటాయి. మీ బండిలో ఉన్నాయో లేవో ఈ సందేశం రాసిన పెద్దమనిషి చూశాడా? కంప్యూటర్లు లేని పాత డైనమో కార్లలో మేస్త్రీలు ఇలా చేసేవారు. వాటిలో పాడవడానికి ఏముంది? పైగా ఈ పరీక్షతో తేలేదేమీ లేదు. వైరు ముట్టుకోకుండా, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.5 చూపిస్తే ఆల్టర్నేటర్ ఛార్జి చేస్తున్నట్టే. ఆ మీటరుకు నాలుగైదు వందలు చాలు. ఇంజను కంప్యూటరు మార్చాలంటే వేలకు వేలు.

వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు కేబుళ్లు ఏ వరుసలో తగిలించినా ఫర్వాలేదట. ఎవరికి ఫర్వాలేదు? చివరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. అందుకే రెండు బ్యాటరీల ప్లస్‌లకు రెండు ఎర్ర క్లిప్పులూ ముందు. తర్వాత మంచి బ్యాటరీ నెగటివ్‌కు నల్లది. ఆఖరి నల్ల క్లిప్పు ఆగిన బండి ఇంజను లోహానికి, బ్యాటరీకి దూరంగా.

మెయిన్ ఫ్యూజు పోతే రాగితీగ చుట్టమనడం బండికి నిప్పంటించమనడమే. మామూలుగా ఎక్కడో షార్టు ఉండబట్టే కదా ఫ్యూజు పోయేది! అది దొరికేదాకా కొత్త ఫ్యూజు కూడా వేయకండి.

ఇక రెండో గేరులో నెట్టి స్టార్ట్ చేయడం. కరెంటే లేని బండిలో పెట్రోలు పంపు తిరగదు, ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు తెరుచుకోవు. ఎంతమంది నెట్టినా లేవదు. నిన్న మా పెద్దమ్మగారి అబ్బాయికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. సందేశం తీసేశాడు. మిగిలిన ముగ్గురికి ఈ రాత్రి చేస్తాను.