తాతలు నేతులు తాగిన పెట్టె

రాబోయే అంతరిక్ష యాత్రలకు రూపం ఎలా వస్తుందో పాఠ్యపుస్తకాల్లో ముచ్చటగా రాసి ఉంటుంది. శాస్త్రవేత్తలు ఒక ప్రశ్న వేస్తారు. దానికి ఏ కొలత కావాలో, ఆ కొలతకు ఏ పరికరం కావాలో తేలుస్తారు. పరికరాన్ని మోయడానికి నౌక, నౌకను మోయడానికి రాకెట్, రాకెట్‌ను మోయడానికి బడ్జెట్. అసలు పద్ధతి ఇంకా సులువు. ముందు ఎవరో ఒక స్లైడ్ వేస్తారు. దాని మీద ఒక ఎలక్ట్రానిక్స్ పెట్టె బొమ్మ, పక్కనే ఆకుపచ్చ అక్షరాల్లో రెండే మాటలు: "ఇదివరకే ఎగిరింది."

ఆ రెండు మాటలు పడ్డాక ఆ పెట్టెను ప్రశ్నించడం అమర్యాద. అయినా ప్రతి డిజైన్ సమీక్షలోనూ అమర్యాదస్తుడు ఒకడుంటాడు.

"ఇది పోయిన మిషన్‌లో ఎగిరిన పెట్టేనా?"

"అచ్చంగా అదే సార్. ప్రాసెసర్ కార్డు ఒక్కటి మారింది. పాత చిప్ తయారీ ఆపేశారు."

"మిగతాదంతా అదేగా?"

"అదే సార్. అప్పుడు రెండు పెట్టెల్లో ఉన్నదాన్ని ఇప్పుడు ఒకదాంట్లో సర్దాం, బరువు తగ్గుతుందని. అందుకని కార్డులు కాస్త తిరిగాయి."

"రాకెట్?"

"వేరే సార్. ఇది కొంచెం ఎక్కువ ఊపుతుంది."

"వేడి, చలి?"

"అది సూర్యుడి వైపు వెళ్లింది సార్, ఇది అటు కాదు."

"సాఫ్ట్‌వేరైనా పాతదేనా?"

"పాతదే సార్, కొత్తగా రాసింది తప్ప."

"దీన్ని చేసినవాళ్లు?"

"రిటైరయ్యారు సార్."

"మరి పాత పెట్టెలో ఇప్పుడు మిగిలిందేమిటయ్యా?"

"పేరు సార్."

అధ్యక్షులవారు తృప్తిగా తలూపుతారు. "అర్హత పరీక్ష అవసరం లేదు, పాత డ్రాయింగులతో పోల్చి చూస్తే చాలు" అని మినిట్స్‌లో రాయిస్తారు. అమర్యాదస్తుడి పేరిట ఒక యాక్షన్ ఐటమ్ పడుతుంది. వచ్చే సమీక్షకల్లా దాన్ని మూసేస్తారు, అతన్ని పిలవరు.

ఇదంతా అతిశయోక్తి అనుకునేవాళ్లు నాసా జెనిసిస్ నౌక సంగతి చూడండి. 2001లో వెళ్లింది. రెండేళ్లకు పైగా సౌర పవనాన్ని, అంటే సూర్యుడి నుంచి వీచే కణాలను, సిలికాన్, నీలమణి, బంగారం, వజ్రం పలకల మీద పట్టుకుని 2004 సెప్టెంబర్ 8న తిరిగొచ్చింది. పలకలు సున్నితం కాబట్టి పారాచూట్ మీద దిగుతున్న గుళికను గాలిలోనే కొక్కెంతో అందుకోవాలని యూటా ఎడారి మీద హెలికాప్టర్లు సిద్ధంగా ఉన్నాయి, సినిమాల్లో సాహసాలు చేసే పైలట్లతో సహా. పారాచూట్ విచ్చుకోలేదు. గుళిక గంటకు సుమారు 311 కిలోమీటర్ల వేగంతో ఎడారి మట్టిలో దిగబడింది.

వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు వేగం తగ్గే తీవ్రతను కనిపెట్టి పారాచూట్‌కు కబురు పంపాల్సిన చిన్న స్విచ్చులు తలకిందులుగా ఉన్నాయి. ఎవరో బిగించేటప్పుడు చేసిన పొరపాటు కాదది, డ్రాయింగులోనే అలా ఉంది. డిజైన్ తోకచుక్క ధూళి తేవడానికి 1999లో వెళ్లిన స్టార్‌డస్ట్ నౌక నుంచి తీసుకున్నది. పెట్టె రూపం మారినప్పుడు స్విచ్చుల దిశ కూడా మారిపోయింది. పెట్టెను సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి తిప్పి ఉంటే స్విచ్ మూసుకోలేదని అప్పుడే తెలిసేది. ఆ పరీక్ష ప్రణాళికలో ఉంది కూడా. దాన్ని తీసేసి, స్టార్‌డస్ట్ డ్రాయింగులతో పోల్చి చూసి సరిపెట్టారు. ఆ స్టార్‌డస్ట్ మాత్రం 2006 జనవరిలో చక్కగా దిగింది. తాతలు నేతులు తాగిన మాట నిజమే, మూతి మాత్రం వేరేవాళ్లది. పలకల ముక్కలు ఏరుకుని శాస్త్రవేత్తలు చాలావరకు ఫలితాలు రాబట్టుకున్నారు, అది వాళ్ల ఓపిక.

నియమాలు లేవా అంటే, ఉన్నాయి. టెక్నాలజీ సంసిద్ధతను 1 నుంచి 9 దాకా మెట్లుగా లెక్కిస్తారు. నిజమైన మిషన్‌లో పనిచేసి చూపిస్తే 9. ప్రాథమిక డిజైన్ సమీక్షకల్లా 6 చేరాలి. ఎగిరిన వస్తువునే కొత్త పరిసరాల్లో, కొత్త అమరికలో వాడితే అది మొదట 5కు పడిపోయినట్టే లెక్క అని నాసా సిస్టమ్స్ ఇంజనీరింగ్ హ్యాండ్‌బుక్ చెబుతుంది. అంటే తొమ్మిదో మెట్టు మీదున్న పెట్టె కార్డు మార్చగానే నాలుగు మెట్లు దిగాలి. స్లైడ్ల మీద దిగిన పెట్టె ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి.

1996 జూన్ 4న యూరప్ రాకెట్ ఏరియాన్ 5 తొలి ప్రయాణం కూడా ఇదే బాపతు. దిశ చెప్పే యూనిట్‌ను సాఫ్ట్‌వేర్‌తో సహా ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నారు. కొత్త రాకెట్ అడ్డంగా వేగం పుంజుకునే తీరు వేరు. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి కుక్కబోతే పట్టలేదు. యూనిట్ చేతులెత్తేసింది. దానికి బదులు పనిచేయాల్సిన రెండో యూనిట్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్ కాబట్టి అది అంతకు క్షణకాలం ముందే చేతులెత్తేసింది. ఆ లెక్క చేస్తున్న భాగంతో నేల వదిలాక ఏరియాన్ 5కు పనే లేదు, పాత రాకెట్‌కు కావాల్సొచ్చింది కాబట్టి అలా నడుస్తూ ఉంది. సుమారు 40 సెకన్లలో రాకెట్, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు ముక్కలయ్యాయి. కొత్త రాకెట్ పథం అంకెలతో ఆ యూనిట్‌ను ముందే నేల మీద నడిపి చూసి ఉంటే బయటపడేది. చూడలేదు. ఎందుకంటే... ఇదివరకే ఎగిరింది.

పరీక్షలే ఎందుకు ఎగిరిపోతాయో గ్రహించడం కష్టం కాదు. అవి వరసలో చివర ఉంటాయి. పరికరం ఆరు నెలలు ఆలస్యంగా వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఇంకో మూడు. కుజుడికి నౌకను పంపే అదను, కుజుడి కిటికీ, 26 నెలలకు ఒకసారే తెరుచుకుంటుంది, అది ఎవరికోసమూ ఆగదు. కాబట్టి కోత పరీక్షలకే. పెట్టెను వైబ్రేషన్ టేబుల్ మీద ముందు మెల్లగా ఊపి, అది ఏ వేగాల దగ్గర తనంతట ఎక్కువగా ఊగుతుందో (సహజ పౌనఃపున్యాలు) గీతగా నమోదు చేయాలి. తర్వాత పూర్తి తీవ్రతతో ఊపి, మళ్లీ మెల్లగా ఊపి పోల్చాలి. రెండు గీతలూ కలవకపోతే లోపల ఏదో వదులైనట్టు. ఇది మూడు అక్షాల్లోనూ చేయాలి. తర్వాత శూన్యపు గదిలో, ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన గోడల మధ్య పెట్టి, చలీ వేడీ మార్చి మార్చి రోజుల తరబడి నడపాలి. ప్రాజెక్ట్ మేనేజర్ కంటికి ఇదంతా క్యాలెండర్ మీద ఖాళీ జాగా.

1999లో కుజుడి మీద దిగబోయి పోయిన నాసా నౌక మార్స్ పోలార్ ల్యాండర్. దాన్ని పంపకముందు కాళ్లు విప్పే పరీక్షలో నేల తాకిందని చెప్పే సెన్సార్ల తీగలు తప్పుగా కలిపి ఉన్నాయి. తప్పు దొరికింది, సరిచేశారు. పరీక్ష మాత్రం మళ్లీ చేయలేదు. ఒక్క పరీక్ష! కుజుడి మీద, సుమారు 1,500 మీటర్ల ఎత్తున కాళ్లు విచ్చుకున్నప్పటి కుదుపునే సెన్సార్లు "నేల తాకాం" అని చెప్పాయని, 40 మీటర్ల ఎత్తుకు వచ్చాక సాఫ్ట్‌వేర్ ఆ పాత కబురు చదివి ఇంజిన్లు ఆపేసిందని విచారణ తేల్చిన కారణం. అదీ 'బహుశా'. ఎందుకంటే దిగేటప్పుడు సమాచారం పంపే ఏర్పాటు కూడా ఖర్చు తగ్గించడానికి తీసేశారు. ఏళ్ల తరబడి పనిచేసిన వందలమందికి వాళ్ల నౌక ఎలా పోయిందో కూడా ఖాయంగా తెలియకుండా చేసి దానికి పొదుపు అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. పరీక్షకు లేని డబ్బు విచారణ సంఘానికి ఎక్కడినుంచి వస్తుందో ఒక్క అకౌంటెంటైనా చెప్పాలి.

కుజుడి మీదికి వెళ్లిన నాసా నౌక ఇన్‌సైట్ వాళ్లు ఈ సంప్రదాయాన్ని పాడుచేశారు. 2016 మార్చిలో బయలుదేరాల్సిన నౌక. అంతకు కొన్ని నెలల ముందు భూకంపమాపకాన్ని చలిలో పరీక్షిస్తే శూన్యపు డబ్బా కారుతోందని తేలింది. అలాగే పంపేయకుండా ప్రయోగాన్ని ఆపి, 2018 మేలో పంపారు. 2022 వరకు ఆ పరికరం 1,300కు పైగా కుజకంపాలను నమోదు చేసింది. ఇలాంటివాళ్లను ప్రోత్సహిస్తే రేపు ప్రతివాడూ పరీక్ష చేస్తానంటాడు.

కాబట్టి ఒక సవరణ ప్రతిపాదిస్తున్నాను. పరీక్ష అక్కర్లేదని మినహాయింపు రాసేవాళ్లు సంతకం పక్కన తమ చిరునామా కూడా రాయాలి. గుళిక దిగే చోటు ఆ చిరునామాకే ఖాయం చేయాలి. పెట్టె ఇదివరకే ఎగిరింది కదా, భయమెందుకు?