క్రిస్మస్ తాత కథ చెప్పండి, సాక్ష్యాలు సృష్టించకండి

డిసెంబరు దగ్గర పడుతుంటే చిన్నపిల్లలున్న తల్లిదండ్రుల మధ్య ఒక సలహా జోరుగా తిరుగుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఇది: "క్రిస్మస్ తాత నిజంగా ఉన్నాడని మీ పిల్లలు నమ్మేలా చేయండి. ఆ నమ్మకం లేకపోతే ఊహాశక్తి పెరగదు. అది అబద్ధం కాదు, ఆట. తాత చూస్తున్నాడంటే పిల్లలు బుద్ధిగా ఉంటారు. తర్వాత నిజం తెలిసినా ఎవరూ బాధపడరు. ముందే నిజం చెప్పేవాళ్ళు పిల్లల బాల్యాన్ని లాక్కుంటున్నారు." దిండు కింద పన్ను పెడితే డబ్బులిచ్చే దేవకన్యకూ, ఈస్టర్ గుడ్లు దాచే కుందేలుకూ ఇదే వాదన చేస్తారు.

క్రిస్మస్ తాత కథంటే నాకు ఇష్టమే. పిల్లలకు చెప్పాల్సిన కథే. నా అభ్యంతరం "నమ్మేలా చేయండి" అన్న మాట మీద. అందుకు చూపించే కారణాల్లో ఒకటి రెండు సగం నిజాలు. మిగతావి నిలబడవు.

మొదట ఊహాశక్తి సంగతి. ఎక్కువమందిని ఒప్పించేది ఇదే, నాకు అన్నిటికన్నా పొరపాటుగా కనిపించేదీ ఇదే. లేనిదాన్ని ఉన్నట్టు అనుకుని ఆడుకోవడం ఊహ. అలా ఆడాలంటే అది లేదన్న సంగతి ముందు తెలియాలి. అరటిపండును చెవి దగ్గర పెట్టుకుని "హలో" అనే రెండేళ్ళ పాపకు అది పండేనని తెలుసు, కాసేపాగి ఒలిపించుకుని తింటుంది. హెన్రీ వెల్‌మన్, డేవిడ్ ఎస్టెస్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో మూడేళ్ళ పిల్లలు కూడా ఎదురుగా ఉన్న బిస్కెట్‌ను ముట్టుకోవచ్చని, మనసులో తలుచుకున్న బిస్కెట్‌ను ముట్టుకోలేమని చెప్పగలిగారు. కళ్ళకు కనిపించని నేస్తాలతో ఆడుకునే పిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన పరిశోధకురాలు మార్జొరీ టేలర్. ఆమె బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడేళ్ళు వచ్చేలోపు దాదాపు 65 శాతం పిల్లలకు ఏదో ఒక దశలో అలాంటి నేస్తం ఉన్నట్టు తేలింది. ఆ నేస్తం గురించి ఉత్సాహంగా చెబుతూనే, వింటున్న పెద్దవాళ్ళు పొరబడతారేమోనని "ఇది ఉత్తుత్తిదే, తెలుసా?" అని గుర్తుచేసే పిల్లలు ఎందరో. వీళ్ళ ఊహకు ఎవరూ నమ్మకం నూరిపోయనక్కర్లేదు.

క్రిస్మస్ తాత విషయంలో ఊహించే పనంతా పెద్దలదే. రాత్రి బహుమతులు పెట్టేది వాళ్ళు, తాత కోసం ఉంచిన బిస్కెట్‌ను సగం కొరికి వదిలేది వాళ్ళు, చేతిరాత మార్చి ఉత్తరం రాసేది వాళ్ళు. పిల్లలు వాటిని చూసి, నిజాయితీగా లెక్క వేసుకుని, "అయితే ఉన్నాడన్నమాట" అనే నిర్ణయానికి వస్తారు. ఇది బుద్ధిగా ఆలోచించే పిల్లలు చేసే పని. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాక్వెలిన్ వూలీ బృందం దీన్ని పరీక్షించింది. చిన్నపిల్లలకు అంతకుముందెప్పుడూ వినని ఒక "మిఠాయి మంత్రగత్తె"ను పరిచయం చేశారు. పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయిలు పోగుచేసుకునే హాలోవీన్ పండుగ రాత్రి వచ్చి, ఆ మిఠాయిలు పట్టుకెళ్ళి, బదులుగా బొమ్మ పెట్టి వెళ్తుందని చెప్పారు. కొన్ని ఇళ్ళలో తల్లిదండ్రులే ఆ మార్పిడి చేశారు. 2004లో ఫలితాలు వచ్చాయి. ఆ పిల్లల్లో కాస్త పెద్దవాళ్ళను చూస్తే, మంత్రగత్తె "వచ్చి వెళ్ళిన" ఇళ్ళ పిల్లలు మిగతావాళ్ళకన్నా గట్టిగా నమ్మారు. కొందరిలో ఆ నమ్మకం ఏడాది తర్వాత కూడా ఉంది. సాక్ష్యం ఎంత బలంగా ఉంటే నమ్మకం అంత బలపడింది. క్రిస్మస్ తాతకైతే ఇంకెన్ని సాక్ష్యాలు! 1955లో అమెరికా గగనతల రక్షణ విభాగం మొదలుపెట్టిన పని ఇది: ఆయన బండి ఎక్కడ ఎగురుతోందో ప్రకటించడం; ఇప్పుడు దాన్ని అమెరికా, కెనడాల ఉమ్మడి విభాగం ఏటా కొనసాగిస్తోంది. ఇల్లు, బడి, టీవీ, సైన్యం అన్నీ కలిసి ఒకే మాట చెబితే ఏ ఐదేళ్ళ బిడ్డ కాదనగలదు? ఆ బిడ్డ నమ్ముతున్నది మనల్ని. నాకు ఈ విషయమంతటిలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది అదే.

ఇక "అబద్ధం కాదు, ఆట" అన్న మాట. మూడేళ్ళ బిడ్డకు కథ చెప్పి, పాట పాడి, మేజోడు వేలాడదీసినంత వరకు నేనూ ఒప్పుకుంటాను. ఆ వయసులో నిజమా కాదా అన్న ప్రశ్నే చాలామందికి రాదు. కానీ ఒకరోజు బిడ్డ వచ్చి, ముఖంలోకి చూసి, "నిజం చెప్పు, ఉన్నాడా?" అని అడుగుతుంది. ఆ క్షణంలో బిడ్డ ఆట ఆపి నిజం అడుగుతోంది. అప్పుడు కూడా "ఉన్నాడమ్మా, ఒట్టు" అంటే దాన్ని ఆట అనడానికి నాకు నోరు రాదు.

ఈ సలహా పంచుకునేవాళ్ళు తరచూ ఎత్తిచూపే ఒక పాత సంపాదకీయం ఉంది. 1897లో న్యూయార్క్‌లో వర్జీనియా ఓహాన్లన్ అనే ఎనిమిదేళ్ళ అమ్మాయి "ది సన్" పత్రికకు ఉత్తరం రాసింది. తన స్నేహితులు కొందరు శాంటా లేడంటున్నారని, "ది సన్‌లో వచ్చిందంటే అది నిజమే" అని నాన్న అన్నారని, దయచేసి నిజం చెప్పమని అడిగింది. సెప్టెంబర్ 21న జవాబు అచ్చయింది. రాసింది ఫ్రాన్సిస్ చర్చ్. ఆ సంగతి 1906లో ఆయన చనిపోయాకే లోకానికి తెలిసింది. ప్రేమ, ఔదార్యం ఉన్నంత నిశ్చయంగా శాంటా ఉన్నాడని ఆ జవాబు చెప్పింది. నూట పాతికేళ్ళుగా దాన్ని మళ్ళీ మళ్ళీ అచ్చు వేస్తున్నారు. చదివే పెద్దలకు అందులో ఉపమానం కనిపిస్తుంది, కళ్ళు చెమరుస్తాయి కూడా. నేను మాత్రం ఆ ఉత్తరాన్ని ఆ పిల్ల వైపు నుంచి చదువుతాను. స్నేహితుల మాట, ఇంట్లో మాట ఒకటి కాకపోతే అబద్ధమాడదని తాను నమ్మే చోటుకు వెళ్ళి అడిగింది. ఎనిమిదేళ్ళకు అంతకన్నా మంచి ఆలోచన ఏముంటుంది? ఆమెకు తిరిగి వచ్చింది మాత్రం "ఉన్నాడు" అన్న జవాబు, దాంతోపాటు అనుమానపడిన స్నేహితులదే తప్పు అన్న తీర్పు.

పెద్దల అబద్ధం పిల్లల మీద ఏం పనిచేస్తుందో చూసిన అధ్యయనం ఒకటి 2014లో వచ్చింది. చెల్సీ హేస్, లెస్లీ కార్వర్ 186 మంది పిల్లలతో చేశారు. పక్క గదిలో మిఠాయి ఉందని అబద్ధం చెప్పి పిలిచి, తర్వాత అది అబద్ధమేనని ఒప్పుకుంటే, ఆ తర్వాత ఆడించిన ఆటలో చూడొద్దన్న బొమ్మను బడి ఈడు పిల్లలు దొంగచూపు చూడటమూ, చూడలేదని బొంకడమూ పెరిగాయి. అది క్రిస్మస్ తాత మీద చేసిన పరిశోధన కాదు, దాన్ని నేరుగా ఇక్కడికి తెచ్చి అతికించను. అయినా ఆ వయసు పిల్లలు మన అబద్ధాలను గమనిస్తారని, వాటిని బట్టి నడుచుకుంటారని మాత్రం తెలుస్తోంది.

బుద్ధిగా ఉంటారన్న వాదన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో క్రిస్ బాయిల్ చేసిన సర్వేలో ఆ నమ్మకం వల్ల చిన్నప్పుడు తమ ప్రవర్తన మెరుగుపడిందన్నవాళ్ళు 34 శాతం, పడలేదన్నవాళ్ళు 47 శాతం. పడిందనే అనుకుందాం, ఎవరో ఎక్కడినుంచో రాత్రీ పగలూ చూస్తున్నారన్న టెన్షన్‌తో వచ్చే బుద్ధి డిసెంబరు దాటాక ఉంటుందా?

నన్ను అంతకన్నా బాధపెట్టేది ఇంకొకటి. మంచి పిల్లలకే బహుమతులు ఇస్తాడని చెప్పాం. ఒక బిడ్డకు సైకిల్ వచ్చింది, పక్క బెంచీలో కూర్చునే బిడ్డకు రంగు పెన్సిళ్ళ పెట్టె వచ్చింది. రెండో బిడ్డ ఏమనుకోవాలి? తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేదని తెలిస్తే ఆ బిడ్డ అర్థం చేసుకుంటుంది, పిల్లలు ఆ విషయంలో మనం అనుకునేదానికన్నా పెద్దమనసు చూపిస్తారు. అందరినీ సమానంగా చూసే తాత తనకే తక్కువ ఇచ్చాడని నమ్మితే మాత్రం తప్పు తనలోనే వెతుక్కుంటుంది. కథను ఎంత గట్టిగా నమ్మితే ఈ దెబ్బ అంత గట్టిగా తగులుతుంది. మీరు కథ ఎలా చెప్పినా సరే, ఖరీదైన బహుమతి మీ పేరుతో ఇవ్వండి. తాత పేరుతో చిన్నదే పెట్టండి. బుద్ధికీ బహుమతికీ ముడి వేయకండి.

నిజం తెలిసినా ఎవరూ బాధపడరన్న మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని దాచడం న్యాయం కాదు. 1994లో ఆండర్సన్, ప్రెంటిస్ నమ్మకం పోయిన 52 మంది పిల్లలతో మాట్లాడితే, ఎక్కువమంది ఏడేళ్ళ ప్రాయంలో తమంతట తామే తెలుసుకున్నారని, సంతోషంగానే తీసుకున్నారని తేలింది. దిగులుపడింది ఎక్కువగా తల్లిదండ్రులే. క్రిస్మస్ తాత పేరు చెప్పి పిల్లల మనసులను జీవితాంతం గాయపరుస్తున్నామని భయపెట్టేవాళ్ళ మాట కూడా అందుకే నేను నమ్మను. కానీ "ఎవరూ" అన్నది తప్పు. 2024లో కాండిస్ మిల్స్ బృందం 48 మంది పిల్లలతోనూ 383 మంది పెద్దవాళ్ళతోనూ చేసిన అధ్యయనంలో, నిజం తెలిసినప్పుడు ఎంతో కొంత బాధపడ్డామన్నవాళ్ళు పిల్లల్లో సుమారు మూడోవంతు, పెద్దల్లో సుమారు సగం. చాలామందికి అది త్వరగానే పోయింది. ఎక్కువకాలం మిగిలింది వయసు ముదిరాక తెలిసినవాళ్ళలో, ఎవరో ఉన్నట్టుండి చెప్పేసినవాళ్ళలో, ఇంట్లో తల్లిదండ్రులు నమ్మకాన్ని గట్టిగా పెంచి పోషించినవాళ్ళలో. "నమ్మేలా చేయండి" అన్న సలహాను బాగా పాటించిన ఇళ్ళే ఇవి.

బాల్యాన్ని లాక్కుంటున్నారన్న నింద అన్యాయం. కథలో తోడేలు మాట్లాడదని తెలిసిన పిల్లలు ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పమని వెంటపడటం లేదా? ఉత్తుత్తి తాతకు ఉత్తరం రాయడంలో, ఎర్ర టోపీ పెట్టుకుని నాన్నే తాతయ్యి వస్తే పగలబడి నవ్వడంలో పిల్లలకు తగ్గేదేమీ లేదు.

అడగని బిడ్డను కూర్చోబెట్టి పాఠం చెప్పమని నేను అనడం లేదు. అడిగితే ముందు "నీకేమనిపిస్తోంది?" అనండి. కొందరికి ఇంకా తెలుసుకోవాలని ఉండదు, "ఉన్నాడనుకుంటా" అని ఆటకు వెళ్ళిపోతారు, వెళ్ళనివ్వండి. ఊరుకోక మళ్ళీ అడిగితే చెప్పేయండి: బహుమతులు మేమే పెడుతున్నాం, ఇది చాలా ఇళ్ళలో ఆడే ఆట, నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని మైరాలో నికొలాస్ అనే బిషప్ ఉండేవారు, రహస్యంగా సాయం చేసేవారని ఆయన గురించి చెప్పుకునే కథల నుంచి ఈ తాత పుట్టాడు. వచ్చే ఏడాది తమ్ముడికో చెల్లికో బహుమతి దాచే పనిలో తననూ కలుపుకోండి. తరగతిలో ఇంకా నమ్మే పిల్లలుంటారని, వాళ్ళ దగ్గర ఈ మాట బయటపెట్టొద్దని చెప్పండి. ఎవరైనా నేరుగా అడిగితే "మీ అమ్మానాన్నల్ని అడుగు" అంటే సరిపోతుందని కూడా చెప్పండి.