ఎగిరే విమానం, ఆగిపోయిన ప్రొపెల్లర్

వైమానిక ప్రదర్శన ముగిసిన సాయంత్రం సోషల్ మీడియాను ముంచెత్తే ఫొటోల్లో ఒక తప్పు పదే పదే కనిపిస్తుంది. నీలాకాశంలో పాత యుద్ధవిమానం, దాని ముక్కున మేకులు కొట్టి బిగించినట్టు కదలకుండా నిలబడ్డ నాలుగు రెక్కలు. రివెట్లు లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉంటుంది. అయినా చూడగానే ఇంజను ఆగిందేమో అన్న అనుమానం వస్తుంది, లేదా దారం కట్టి వేలాడదీసిన బొమ్మలా అనిపిస్తుంది. ఆ ఫొటో తీసినవారు కెమెరా పట్టడం రానివారు కాదు. ‘వేగంగా పోయేదాన్ని వేగమైన షట్టర్‌తోనే పట్టాలి’ అన్న సలహాను తు.చ. తప్పకుండా పాటించినవారు.

జెట్ విమానాలకు ఆ సలహా చక్కగా సరిపోతుంది. వాటికి బయట తిరిగే భాగమేదీ లేదు కాబట్టి షట్టర్‌ను 1/1000 నుంచి 1/1600 సెకను మధ్య పెట్టుకుంటే నష్టం లేదు. ప్రొపెల్లర్ విమానాలకూ హెలికాప్టర్లకూ మాత్రం అదే చేటు. ఎందుకో చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది.

పీ-51 మస్టాంగ్ అనే పాత యుద్ధవిమానాన్ని తీసుకుందాం. దాని మెర్లిన్ ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగినా, మధ్యలో గేర్లు ఉండటంతో ప్రొపెల్లర్ తిరిగేది అందులో సగం కూడా ఉండదు, దాదాపు 1,437 చుట్లే. ఇంజను 2,400 దగ్గర నడుస్తోందంటే ప్రొపెల్లర్ నిమిషానికి 1,150 చుట్లు, అంటే సెకనుకు 19 తిరుగుతున్నట్టు. షట్టర్ 1/1000 అయితే ఆ కాసేపట్లో రెక్క జరిగేది 7 డిగ్రీలు. 1/250 అయితే 28, 1/125 అయితే 55 డిగ్రీలు. నాలుగు రెక్కల మధ్య ఎడం 90 డిగ్రీలు కనుక వాటి మసక జాడలు కలిసి నిండు చక్రం కావాలంటే 1/80 దాకా దిగిరావాలి.

ఇప్పుడు విన్యాసాలు చేసే ఎక్స్‌ట్రా 300ని చూడండి. దాని ఇంజనుకూ ప్రొపెల్లర్‌కూ మధ్య గేర్లు లేవు. ఇంజను 2,700 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ కూడా అంతే. 1/250లోనే రెక్క 65 డిగ్రీలు జరిగిపోతుంది. రెక్కలు మూడే ఉన్నా 1/135 దగ్గర చక్రం నిండుతుంది. బుల్లి విమానం గిరగిరా పల్టీలు కొడుతోంది కదా, షట్టర్ వేగం పెంచాలేమో అనుకుంటాం. లెక్క చూస్తే ఆ బుల్లి విమానమే ఫొటోగ్రాఫర్‌ని ఎక్కువ కరుణిస్తుంది.

అందరికంటే మొండివి హెలికాప్టర్లు. చినూక్ హెలికాప్టర్ పైన తిరిగే పెద్ద రోటార్లు నిమిషానికి 225 చుట్లే తిరుగుతాయి. 1/250లో వాటి కదలిక అయిదున్నర డిగ్రీలు కూడా ఉండదు. 1/60కి దిగినా 22 డిగ్రీలే. ఒక్కో రోటార్‌కు రెక్కలు మూడే కనుక నిండు చక్రం కోసం సెకనులో పదకొండో వంతు కావాలి. చేత్తో కెమెరా పట్టుకుని అంతసేపు స్థిరంగా నిలపడం అదృష్టానికి వదిలేసిన పనే.

నా మటుకు నాకు నిండు చక్రం కోసం పడే యావలో అర్థం కనిపించదు. రెక్క వెనక 40 డిగ్రీల మసక జాడ ఉంటే చాలు, అది తిరుగుతోందని కంటికి తెలిసిపోతుంది. మస్టాంగ్ తరహా విమానాలకు 1/125 నుంచి 1/160, ఎక్స్‌ట్రా లాంటివాటికి 1/250 నుంచి 1/320, హెలికాప్టర్లకు 1/60 నుంచి 1/100 చాలు. హెలికాప్టర్ విషయంలో 20 డిగ్రీలతోనే సర్దుకోవాల్సి వస్తుంది, సర్దుకోవచ్చు కూడా.

దీనికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం 1/160 సెకనులో అర మీటరు దాటి ముందుకెళుతుంది. దానితోపాటు కెమెరాను తిప్పేటప్పుడు మన చెయ్యి పదో వంతు వెనకబడినా విమానం ఒంటి మీద 5 సెంటీమీటర్ల మేర అలుక్కుపోతుంది. రివెట్లు, అక్షరాలు అన్నీ గల్లంతే. అందుకే ప్యానింగ్, అంటే విమానంతోపాటు కెమెరాను తిప్పడం, చేతుల పని కాదు, నడుము పని. విమానాన్ని ఎక్కడ క్లిక్ చేయాలనుకుంటున్నామో పాదాలు ముందే అటు తిప్పి ఉంచాలి. నడుము మాత్రం వెనక్కి మెలితిప్పి, వస్తున్న విమానాన్ని దూరంలోనే ఫ్రేములోకి తీసుకోవాలి. అప్పుడు అసలు క్షణానికి ఒళ్లు సహజ స్థితికి వస్తుంది. పాదాలు విమానం వచ్చే దిక్కుకు పెట్టినవారికి ఆ క్షణానికే నడుము బిగుసుకుని చెయ్యి కుదుపుతుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మూడు నాలుగు ఫ్రేములు తీసి, షట్టర్ ఆగాక కూడా ఒక క్షణం తిప్పుతూనే ఉండాలి. లెన్స్‌లో వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్‌కి ప్యానింగ్ మోడ్ ఉంటే అదే వాడాలి. మామూలు మోడ్‌లో ఉంచితే మనం తిప్పడాన్ని కూడా అది వణుకనుకుని అడ్డుపడే ప్రమాదం ఉంది.

ఇంత చేసినా పదిలో ఒకటో రెండో నిలుస్తాయి. ముక్కు స్పష్టంగా, తోక మసకగా వచ్చే ఫొటోలు కొన్ని ఉంటాయి. అది చేతి తప్పు కాదు. విమానం దగ్గరగా, ఏటవాలుగా దూసుకొస్తుంటే దాని రెండు కొసలూ మన కంటికి ఒకే వేగంతో జరగవు. ఏ ప్యానింగూ రెండింటినీ ఒకేసారి అందుకోలేదు. విమానం సరిగ్గా మన ఎదురుగా, పక్కవాటుగా వచ్చేదాకా ఆగడమే మందు.

నెమ్మది షట్టర్‌తో మరో చిక్కు ఉంది. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంటే వెలుతురు ఎక్కువ పడుతుంది కనుక లెన్స్ రంధ్రాన్ని, అంటే ఎపర్చర్‌ని, చిన్నది చేయాలి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). మండుటెండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే కొలత) 100 పెట్టి, 1/200 వాడితే ఎపర్చర్ ఎఫ్ 11కి చేరుతుంది. 1/100కి దిగితే ఎఫ్ 16. అంత చిన్న రంధ్రం వల్ల సెన్సర్ మీది దుమ్ము రేణువులన్నీ ఆకాశం నిండా నల్లచుక్కలై తేలతాయి. ఎఫ్ 5.6 దగ్గర అవి కనబడవు కాబట్టి కెమెరా శుభ్రంగానే ఉందన్న భ్రమలో ఉంటాం. ప్రదర్శనకు ముందు రోజే తెల్ల కాగితాన్నో ఖాళీ ఆకాశాన్నో ఎఫ్ 16లో ఒక ఫొటో తీసి చూసుకుంటే తర్వాత వందల ఫొటోల్లో మచ్చలు తుడిచే పని తప్పుతుంది. లెన్స్ ముందు వెలుతురును నాలుగో వంతుకు తగ్గించే నల్లద్దం, అంటే రెండు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ పెడితే ఎఫ్ 16 కాస్తా ఎఫ్ 8కి వస్తుంది, దుమ్ము గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది.

మిర్రర్‌లెస్ కెమెరాల్లో శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటుంది. చాలా కెమెరాల్లో అది సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది. చదవడం పూర్తయ్యేలోపు రెక్క జరిగిపోవడంతో ప్రొపెల్లర్ అరటికాయల్లా వంగి వస్తుంది. సెన్సర్ అంతా ఒకేసారి చదివే సోనీ ఏ9 త్రీ వంటివి ఉంటే సరే. లేదంటే మెకానికల్ షట్టరే శరణ్యం.

ఇక అందరూ ముందుగా అడిగే ప్రశ్న: ఎంత పొడవు లెన్స్ కావాలి? దీనికీ లెక్కే జవాబు. అమెరికా నిబంధనల ప్రకారం ప్రదర్శనలో 245 నాట్లు (గంటకు సుమారు 454 కిలోమీటర్లు) దాటి ఎగిరే విమానాలు జనానికి 1,500 అడుగుల దూరం పాటించాలి, అంటే 457 మీటర్లు. 15 మీటర్ల పొడవున్న ఎఫ్-16 యుద్ధవిమానం ఆ దూరంలో పక్కవాటుగా పోతుంటే 400 ఎంఎం లెన్స్, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాతో ఫ్రేము వెడల్పులో మూడో వంతుకు కాస్త ఎక్కువ ఆక్రమిస్తుంది. 600 ఎంఎం పెడితే సగం దాటుతుంది. క్రాప్ (చిన్న) సెన్సర్ కెమెరాకు 400 ఎంఎం తగిలించినా దాదాపు అంతే నిండుతుంది. కాబట్టి క్రాప్ బాడీ, 100-400 జూమ్ ఉన్నవారు లెన్స్ చాల్లేదని చింతించాల్సిన పని లేదు. తొమ్మిది విమానాల బృందాలు వచ్చినప్పుడు ఆ 400 ఎంఎం కూడా ఎక్కువే, 70-200 చేతిలో ఉన్నవారే నయం.

దూరం ఎక్కువైందని విసుక్కునేవారు 1988 ఆగస్టు 28ని గుర్తుచేసుకోవాలి. జర్మనీలోని రామ్‌స్టైన్ వైమానిక స్థావరంలో ఇటలీ బృందం విమానాలు ఢీకొన్నాయి, వాటిలో ఒకటి జనం మధ్యకు దూసుకొచ్చింది. పైలట్లతో కలిపి 70 మంది చనిపోయారు. జనం వైపు మళ్లే విన్యాసాల మీద కట్టుబాట్లు బిగిసింది ఆ తర్వాతే.

పైగా లెన్స్ పొడవు పెరిగేకొద్దీ మధ్యలోని గాలి అడ్డు తగులుతుంది. మధ్యాహ్నం రన్‌వే కాంక్రీటు మీంచి లేచే సెగ విమానం అంచుల్ని నీటిలో నీడలా వణికిస్తుంది. లెన్స్ ఎంత ఖరీదైనదైనా, షట్టర్ ఎంత వేగమైనదైనా దీన్ని ఆపలేవు. ఫోకస్ తప్పిందనుకుని లెన్స్‌ను సర్వీసుకు పంపేవారిలో చాలామందికి అసలు దోషి ఈ సెగే. పొద్దున్నే వచ్చి నేల మీద నెమ్మదిగా కదిలే (ట్యాక్సీ చేసే) విమానాలను తీయడం, మధ్యాహ్నం తల పైకెత్తి ఆకాశంలోవాటికే పరిమితం కావడం, రెండే మార్గాలు. నేలమీది విమానం 800 మీటర్ల అవతల ఉంటే ఆ వేళ కెమెరా దించేసి నీళ్లు తాగడం మేలు.

ఎక్స్‌పోజర్ విషయంలో కెమెరాను నమ్మితే మోసపోతాం. వెలుతురు నిండిన తెల్లటి ఆకాశం చూసి కెమెరాలోని వెలుతురు కొలిచే మీటర్ ఫొటోను చీకటి చేస్తుంది, విమానం నల్లటి కాకిలా మిగులుతుంది. మబ్బు పట్టిన రోజు ఎక్స్‌పోజర్ దిద్దుబాటును ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టడం సబబు. అదే విమానం ఉరుము మబ్బు ముందు తెల్లగా మెరుస్తూ తిరిగితే దిద్దుబాటు మైనస్ వైపు ఉండాలి. ఎండ నిలకడగా ఉంటే మాన్యువల్‌లో ఐఎస్‌ఓ 400, ఎఫ్ 8, 1/1600 పెట్టి జెట్‌లకు అలాగే వదిలేయొచ్చు. విమానం వెనక ఆకాశమున్నా చెట్లున్నా దాని మీద పడే ఎండ మారదు కదా.

ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి రాసుకుపోయినట్టు దాటే జెట్‌ల ఫొటోకి ఉన్న మోజు అంతా ఇంతా కాదు. చెరో 400 నాట్ల వేగంతో వస్తే వాటి మధ్య దూరం సెకనుకు 412 మీటర్ల చొప్పున తరుగుతుంది. సెకనుకు 20 ఫ్రేములు తీసే కెమెరాలో కూడా ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య అవి 20 మీటర్లు మారిపోతాయి. బ్రిటన్ విన్యాసాల బృందం రెడ్ యారోస్ వాడే హాక్ జెట్ పొడవే సుమారు 12 మీటర్లు. అంటే రెండు ముక్కులూ సరిగ్గా కలిసిన ఫొటో దొరికితే అది మన ప్రతిభ కాదు, ఫ్రేముల లాటరీ. చేయగలిగింది ఒకటే: ఒక విమానాన్నే వెంబడిస్తూ, రెండోది ఫ్రేములోకి రాకముందే బరస్ట్ (వరసగా ఫొటోలు తీయడం) మొదలుపెట్టడం. రెండూ కనిపించాక నొక్కితే వేలు కదిలేలోపే దాటిపోతాయి. అలాగని నిమిషం ముందునుంచే నొక్కి పట్టుకుంటే కెమెరా తాత్కాలిక మెమరీ (బఫర్) నిండి, సరిగ్గా ఆ క్షణానికే కెమెరా మొరాయిస్తుంది.

నిలబడే చోటు వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాలి. సూర్యుడు జనం వీపు వెనక ఉండేలా రన్‌వే ఉంటే అదృష్టమే. ఎదురెండ అయితే మధ్యలో నిలబడ్డవారికి రోజంతా నల్లటి ఆకారాలే మిగులుతాయి, ఏదో ఒక చివరకు జరిగితే ఒంటి పక్కనైనా వెలుగు పడుతుంది. ఎదురెదురు విన్యాసాలు మధ్యలోవారికి బాగా కనిపిస్తాయి. జనం వైపు వీపు చూపిస్తూ వాలి పోయే మలుపులు, టేకాఫ్ వెంటనే లేచే విమానాలు చివర ఉన్నవారికి దక్కుతాయి. విమానం కడుపు మాత్రమే కనిపించే ఫొటోలు ఎన్ని ఉన్నా ఒకటే. తీసినవాటిలో ముందుగా తీసేయాల్సిన గుట్ట అదే.

ప్రదర్శనకు ముందు రోజు చేరుకునే విమానాలు, మర్నాడు తిరిగి వెళ్లేవి ఇంకో అవకాశం. పల్టీలుండవు, పొగ ఉండదు. దిగే విమానం ఒకే దారిలో, చక్రాలు దించి, తక్కువ వేగంతో వస్తుంది. ఒకటి తప్పినా వెనక ఇంకొకటి అదే దారిన వస్తుంది కనుక 1/125 సాధన చేయడానికి ఇంతకంటే అనువైన సమయం దొరకదు. ఉదయం ఏడెనిమిది గంటలకైతే సెగ కూడా ఇంకా లేచి ఉండదు.