"ఐడియా ఉంటే చాలు, డ్రాయింగ్ దేనికి?" అనే వాదనకు జవాబు

"సమకాలీన కళకు ఐడియా ఉంటే చాలు. డ్రాయింగ్ పెయింటింగ్‌కి ముందు వేసే చిత్తుప్రతి. ప్రొజెక్టర్ వచ్చాక దానికీ పని లేదు." ఫైన్ ఆర్ట్స్‌లో చేరాలనుకునే పిల్లల మధ్య తెగ తిరుగుతున్న మాట ఇది. నమ్మి అభ్యాసం మానేస్తున్నవాళ్లున్నారు కాబట్టి జవాబు చెప్పాలి.

ఐడియా చాలనేవాళ్లు అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్‌ను చూపిస్తారు. 1968లో న్యూయార్క్‌లో మొదలైన ఆయన వాల్ డ్రాయింగుల్లో ఎక్కువ భాగం, ఆయన రాసిచ్చిన సూచనలు చదివి వేరేవాళ్లు గీసినవే. నిజమే. కానీ తొలినాళ్ల ఆ సూచనలు చాలావరకు గీత గురించే కదా! పెన్సిల్ మొన గోడ మీద త్వరగా అరుగుతుంది. చెక్కకుండా లాగుతూ పోతే గీతలు లావెక్కి, దూరం నుంచి చూస్తే గోడంతా చారలు తేలతాయి. అక్కడ పని చెడేది చేతి దగ్గరే.

చిత్తుప్రతి అనడం మరీ అన్యాయం. జొహనెస్‌బర్గ్ కళాకారుడు విలియం కెంట్రిడ్జ్ 1989 నుంచి తీస్తున్న యానిమేషన్ చిత్రాల్లో డ్రాయింగే సినిమా. బొగ్గుతో గీసి, ఫ్రేము తీసి, కొంత చెరిపి, అదే కాగితం మీద మళ్లీ గీస్తాడు. చెరిపినచోట మిగిలిన బూడిదరంగు మరకలోనే గడిచిన కాలం కనిపిస్తుంది. మీరూ చేసి చూడండి. విల్లో బొగ్గు (విల్లో చెట్టు పుల్లలు కాల్చి చేసేది) తీసుకోండి. బొగ్గుపొడిని అదిమి చేసే కంప్రెస్డ్ చార్‌కోల్‌లో బంక ఉంటుంది, సరిగా చెరగదు. పల్చటి కాగితం నాలుగు చెరుపులకే నూగు లేస్తుంది, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితమైతే తట్టుకుంటుంది. నాలుగు వైపులా టేపు వేయండి, కాగితం వెంట్రుకవాసి జరిగినా తెర మీద బొమ్మంతా అదురుతుంది. మధ్యలో ఫిక్సెటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టారంటే ఇక చెరపలేరు.

బరోడాలో పాఠాలు చెప్పిన చిత్రకారిణి నస్రీన్ మొహమెదీ (1937–1990) ఇంకు, పెన్సిల్ గీతలనే పూర్తి కృతులుగా నిలబెట్టింది. 2016లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం తన ఆధునిక కళల శాఖ మెట్ బ్రాయర్‌ను తెరిచినప్పుడు తొలి ప్రదర్శనల్లో ఒకటి ఆమెది. మన శ్రీకాళహస్తి కలంకారీలోనూ అంతే: చింతపుల్లల బొగ్గుతో వేసిన గుర్తులు పోతాయి గానీ, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కలంతో తీసిన కసిమి (ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రావణం) గీత నల్లబడి శాశ్వతంగా నిలిచిపోతుంది. ఆ గీతే బొమ్మ.

ఇక ప్రొజెక్టర్. పెద్ద గోడలకు వాడటంలో తప్పేమీ లేదు. అయితే అది గోడకు సూటిగా లేకపోతే బొమ్మ ఒకవైపు సాగుతుంది. దగ్గర నుంచి తీసిన ఫొటోలో ముక్కు పెరిగి చెవులు చిన్నవవుతాయి. ఆ తేడా పట్టాలంటే డ్రాయింగ్ వచ్చి ఉండాలి. పైగా ట్రేస్ చేసేటప్పుడు నీడ అంచునూ దవడ ఎముక అంచునూ కొత్తవాళ్లు ఒకే మందంతో లాగేస్తారు, ముఖం చదునైపోతుంది. కొలతలకు ఏడెనిమిది గుర్తులు పెట్టుకుని ప్రొజెక్టర్ ఆపేయండి. మిగతాది మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, చూసి గీయండి.