వద్దంటే చెల్లుతుంది, ఇస్తానంటే చెల్లదు!

అవయవ మార్పిడిపై కేంద్ర చట్టాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ 2025లో తీర్మానించింది. ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్ గురించి, వెయిటింగ్ లిస్టుల గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ చట్టం కింద 2014లో వచ్చిన నిబంధనల్లో దాగిన అన్యాయం గురించి మాత్రం గట్టిగానే చెప్పాలి.

1994 నాటి ఆ చట్టంలోని 3వ సెక్షన్‌లో తికమక లేదు. ఇద్దరు సాక్షుల ఎదుట, వారిలో కనీసం ఒకరు దగ్గరి బంధువుగా, ఒక మనిషి తన అవయవాలు ఇస్తానని రాసిపెట్టాడనుకోండి. తర్వాత మనసు మార్చుకున్నాడని నమ్మే కారణం లేకపోతే, మృతదేహం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు డాక్టర్లకు వీలు కల్పించి తీరాలి. 2014 నిబంధనలు ఇక్కడే మెలిక పెట్టాయి. పోయిన మనిషి రాసిచ్చినా బంధువుల సమ్మతి కూడా కావాలట! అదే మనిషి ‘నా అవయవాలు తీయొద్దు’ అని రాసి ఉంటే, బంధువులంతా ఒప్పుకున్నా తీయకూడదు. సంతకం ఒకరిదే, దానికి రెండు విలువలా?

దుఃఖంలో ఉన్న కుటుంబంతో ఐసీయూ బయట వాదించలేమని, ఒక్క గొడవ టీవీకెక్కితే ఊరంతా అనుమానపడుతుందని వైద్యులు అంటారు. ఆ భయం నిజమే. కానీ దానికి మందు కుటుంబాన్ని ముందే కలుపుకోవడం. చనిపోయినవాడి మాటను కొట్టేయడం కాదు.

నిబంధన మారేదాకా అవయవదాన పత్రాన్ని పకడ్బందీగా రాయాలి. 18 ఏళ్లు నిండినవారు నింపాల్సింది ఫారం 7. జాతీయ అవయవ మార్పిడి సంస్థ నోటో వెబ్‌సైట్‌లో ఆధార్ ఓటీపీతో నమోదు చేసుకున్నా, కాగితంపై సాక్షుల సంతకాలు తీసుకోండి. దగ్గరి బంధువంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు. అల్లుడు, కోడలు, బాబాయి ఆ లెక్కలోకి రారు. ఆస్పత్రిలో బంధువుల సమ్మతి పత్రమైన ఫారం 8 మీద సంతకం చేయాల్సి వచ్చేది ఎవరో ఊహించి, వాళ్లనే సాక్షిగా పెట్టండి. దూరదేశంలో ఉన్న కొడుకుకన్నా ఇంట్లో ఉన్న భార్య మేలు. వీలునామాలో రాస్తే చాలదు. అది తెరిచేసరికి దినకర్మలు కూడా అయిపోతాయి. గుండె, కాలేయం తీసుకోవాలంటే బ్రెయిన్ డెత్ అయిన మనిషి వెంటిలేటర్‌పై ఉండాలి, నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరించాలి. కళ్లయితే ఇంట్లో పోయినా ఇవ్వొచ్చు, కానీ ఆరు గంటల్లోపే. ఐ బ్యాంకు వాళ్లు వచ్చేదాకా రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టాలి.

అసలు మన వ్యవస్థకు వయసొచ్చిన మనిషి మాటంటే లెక్కలేదు. ఈ విషయంలో సుప్రీంకోర్టు మెరుగైన దారి చూపింది. కోలుకోలేని స్థితిలో ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టే పత్రాన్ని, అంటే లివింగ్ విల్‌ను, 2018లో గుర్తించి, 2023లో సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. తాను చెప్పలేని స్థితిలో ఉంటే తన తరఫున ఎవరు మాట్లాడాలో పేషెంటే ముందుగా రాసిపెట్టొచ్చు. వెంటిలేటర్ తీసేయమని చెప్పే నా కాగితానికి ఇంత మన్నన ఉన్నప్పుడు, కిడ్నీ ఇమ్మని చెప్పే కాగితానికి ఎందుకుండదు?

ఫారం 7లోనూ అలాంటి గడి ఒకటి పెట్టాలి. దాత తన తరఫున నిర్ణయం చెప్పే ఒక్కరి పేరు రాయాలి, ఆ ఒక్కరి మాటే చెల్లాలి. దీనికి చట్టాన్ని సవరించనక్కర్లేదు. 2014 నిబంధనలు రాసిన కేంద్ర ఆరోగ్య శాఖే వాటిని మార్చవచ్చు.