శిలాఫలకం గారికి ప్రొద్దుటూరు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ శిలాఫలకం గారికి,

ప్రొద్దుటూరు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కూడా ఎండకు ఎండి, పడితే వానకు తడిసి, పాతిన చోటే క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉభయ కుశలోపరి.

గారు అని మొదలుపెట్టి నువ్వులోకి దిగానని ఏమీ అనుకోవద్దు. నీ వాళ్ళలో చాలామంది నా కళ్ళ ముందు పుట్టినవాళ్ళే. మైదుకూరు రోడ్డులో మా చిన్నాన్న కొడుక్కి రాళ్ళు చెక్కే షాపు ఉంది. సాయంత్రం టీ నాకు అక్కడే. అందుకని నీ జాతకం పుట్టుక దగ్గర నుంచి తెలుసు.

కడప అంటేనే రాయి. మా నల్ల నాపరాయి పుణె, ముంబై వంటిళ్ళలో గట్టు అయి కూర్చుంది, అక్కడివాళ్ళు దాన్ని 'కడప్పా' అనే పిలుస్తారు. నువ్వు మాత్రం ఆ రాయివి కావు. నీకు మెరుపు కావాలి కదా, ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి లారీలో దిగుతావు. నల్లటి ఒంటి మీద చుక్కలు మెరిసే ఆ రకాన్ని షాపులో గెలాక్సీ అంటారు. అంతరిక్షం మా దాకా వచ్చింది ఆ రూపంలోనే.

తర్వాత కంప్యూటర్లో అక్షరాలు పేరుస్తారు. మెషిన్ మీద స్టిక్కరు కోసి నీ ఒంటికి అంటిస్తారు. అక్షరాల మేరకు స్టిక్కరు పీకేసి, గొట్టంతో ఇసుకను గాలి ఒత్తిడి మీద కొడితే అక్కడ మాత్రం రాయి గుంట పడుతుంది. ఆ గుంటల్లో బంగారు రంగు నింపి, ఆరాక మిగతా స్టిక్కరు లాగేస్తే నువ్వు తయారు. మా చిన్నాన్న ఉలితో రెండు రోజులు కొట్టిన పని, కొడుకు చేతిలో రెండు గంటల్లో తేలిపోతోంది. భవిష్యత్తును చెక్కే టెక్నాలజీ అంత ముందుకు పోయింది. భవిష్యత్తే వెనకబడింది.

నీ మీద ఎక్కువ చోటు పేర్లది. ఎవరి పేరు పైన, ఎవరిది కింద, ఎవరికి 'గౌరవనీయులు', ఎవరికి ఉత్త 'శ్రీ', దానికో ప్రోటోకాల్. ఒకసారి ఒకాయన పేరు పక్కాయన పేరు కంటే పావు అంగుళం పొట్టిగా వచ్చిందని రాత్రి పదకొండింటికి రాయి వెనక్కి వచ్చింది. తెల్లారి తొమ్మిదికి ముహూర్తం. మా తమ్ముడు నిద్రలేకుండా ఇంకో రాయి చెక్కి పంపాడు. పద్నాలుగు పేర్లు, శంకుస్థాపన తేదీ, తిథి, నక్షత్రం అన్నీ ఉన్నాయి. ఆ పని ఏమిటో ఒక్క లైను. ఎప్పటికి పూర్తవుతుందో లేదు. ఎందుకు వేయలేదని అడిగా.

"వాళ్ళు ఇచ్చిన మ్యాటర్‌లో లేదన్నా. ఉన్నా, చోటు యాడుంది?"

మిగతా లోకం భవిష్యత్తును సినిమాల్లో చూస్తుంది. మేమూ చూశాం. 1991లో 'ఆదిత్య 369' వచ్చినప్పుడు నాకు పన్నెండేళ్ళు. సింగీతం శ్రీనివాసరావు గారి టైమ్ మెషిన్ ముందు 1526కు పోయి కృష్ణదేవరాయలను చూపించింది, తర్వాత 2504కు పోయింది. అక్కడ నేల మీద రేడియేషన్, మనుషులంతా నేల కింద. హాల్లోంచి బయటికొస్తూ మా నాన్నను అడిగా, 2504లో మన ఊరు ఎట్లుంటుంది నాయనా అని. ఆయన సైకిల్ తాళం తీస్తూ, "అప్పటికైనా నీళ్ళ ట్యాంకరు టయానికి వస్తుందిలే" అన్నాడు.

2024లో మా అబ్బాయి పట్టుబట్టి 'కల్కి 2898 ఏడీ'కి తీసుకుపోయాడు. కాశీ ఒక్కటే మిగిలిన నగరం, గంగ ఎండిపోయి ఉంది. హాల్లో కొందరు అయ్యో అన్నారు. మా వరస మాత్రం పాప్‌కార్న్ తింటూ చూసింది. పెన్న ఇసుకలో వికెట్లు పాతి క్రికెట్ ఆడి పెరిగినోళ్ళకు అది 2898 కాదు, ఏప్రిల్ నెల. ఎగిరే బండ్లు కూడా మాకేమీ కొత్త కాదులే. ఫ్యాక్షన్ సినిమాలు తీసినవాళ్ళ దయవల్ల మా సీమ సుమోలు పాతికేళ్ళుగా గాల్లోనే ఉన్నాయి. తెలుగు సినిమా మా జిల్లాకు వేట కొడవలితో వస్తుంది. టైమ్ మెషిన్‌లో వచ్చినవాడు ఒక్కడూ లేడు.

నిజానికి భవిష్యత్తు చెప్పడంలో మా జిల్లాకు ఎవరూ సాటి రారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి మఠం మా జిల్లాలోనే ఉంది. ఏ వింత జరిగినా, ఫోన్‌లో మనిషి బొమ్మ మాట్లాడినా, 'ఇది బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడు' అనే మనిషి ప్రతి అరుగు మీద ఒకడు ఉంటాడు. జరిగాక తప్ప ముందు ఎవరికీ గుర్తుకు రాదు, అది వేరే సంగతి. ఆ కాలజ్ఞానం తాటాకులను బనగానపల్లెలో పాతిపెట్టి, పైన చింతచెట్టు నాటారని చెబుతారు. అంటే భవిష్యత్తును గుంట తీసి పాతిపెట్టడం మాకు నీతో మొదలైన అలవాటు కాదు. కాకపోతే అక్కడ చెట్టన్నా మొలిచింది. నీ కింద నవధాన్యాలు, నవరత్నాలు, చిల్లర డబ్బులు వేసి సిమెంటు పోస్తారు.

ఇక ఉక్కు ఫ్యాక్టరీ సంగతి. నీ కుటుంబంలో పెద్దవాళ్ళు ఆ ఫ్యాక్టరీ శిలాఫలకాలే కాబట్టి అడగాల్సిందే. 2007 జూన్‌లో జమ్మలమడుగు దగ్గర వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, కడప జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టడం కుదురుతుందో లేదో ఆరు నెలల్లో తేల్చాలని రాశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్‌మోహన్‌రెడ్డి చేశారు. 2023 ఫిబ్రవరిలో మళ్ళీ ఆయనే, ఒక పెద్ద కంపెనీని వెంటబెట్టుకుని మళ్ళీ చేశారు. నాలుగు శంకుస్థాపనలు. ఊరి పేరులోనే రాళ్ళున్న చోటు వెతికి పట్టుకున్నారంటే ప్లానింగ్ లేదనడానికి నోరు రాదు.

మా అబ్బాయి పుట్టింది కూడా 2007 జూన్‌లోనే. మా నాన్న వాణ్ణి ఒళ్ళో వేసుకుని, వీడు పెద్దయ్యేలోపు ఫ్యాక్టరీ అవుతుంది, ఇంటి నుంచి సైకిల్ మీద ఉద్యోగానికి పోతాడు అన్నాడు. వాడికి పళ్ళు వచ్చాయి, ఊడాయి, మళ్ళీ వచ్చాయి. మీసం వచ్చింది. ఓటు వచ్చింది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి బెంగళూరు బస్సెక్కాడు. మా నాన్న లేడిప్పుడు. సైకిల్ ఉంది.

కర్నూలులో మా బావ దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంటే నవ్వుతాడు. 1953 అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రానికి వాళ్ళ ఊరే రాజధాని. కట్టడాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. మూడేళ్ళకు, 1956లో, రాజధాని హైదరాబాదు పోయింది. 2019లో న్యాయ రాజధాని అన్నారు, దానికో చట్టం చేశారు, 2021లో ఆ చట్టమే వెనక్కి తీసుకున్నారు. "మీకు రాకపోవడం ఒక్కటే తెలుసు బామ్మర్దీ," అంటాడు, "వచ్చి పోవడం ఎట్లుంటదో మమ్మల్ని అడుగు."

కొందరు నాయకులు నీతో తృప్తిపడరు, ఏకంగా ఏడాదినే పాతుతారు. 1999లో 'విజన్ 2020' వచ్చింది. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, 2020 అంటే కార్లు గాల్లో పోతాయనుకున్నా. తీరా 2020 వచ్చేసరికి రోడ్డు మీద కూడా ఏమీ పోలేదు, అందరం మాస్కులు కట్టుకుని తలుపులు వేసుకున్నాం. 2024 డిసెంబరులో 'స్వర్ణాంధ్ర 2047' వచ్చింది. అప్పటికి నాకు అరవై ఎనిమిది. ఏడాది అంకె మార్చడం స్టిక్కరు మార్చినంత సులువు అని మా తమ్ముడు అంటే కోప్పడ్డాను, వాడికి వ్యాపారం తప్ప ఏమీ పట్టదని. ఇంటికొచ్చాక వాడు చెప్పింది నిజమే కదా అనిపించింది.

రాజకీయానికీ సినిమాకీ ఈ విషయంలో దాపరికం కూడా లేదు. అమరావతి కట్టడాల డిజైన్లకు 2017లో ప్రభుత్వం దర్శకుడు రాజమౌళి సలహా తీసుకుంది. నేను తప్పు పట్టను. లేని మాహిష్మతిని ఉన్నట్టు చూపించిన మనిషి కంటే, లేని ఊరి గురించి ఎవరికి ఎక్కువ తెలుస్తుంది?

అసలు తప్పు మన భాషలో ఉందని నా అనుమానం. తెలుగులో 'చేస్తాం' అంటే రేపు చేస్తాం అని ఒక అర్థం, రోజూ చేస్తుంటాం అని ఇంకో అర్థం. 'వాడు తాగుతాడు' అంటే అలవాటు చెబుతున్నామో, జోస్యం చెబుతున్నామో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఈ లెక్కన 'ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేస్తాం' అన్న ఏ నాయకుడూ అబద్ధమాడలేదు. మేమే దాన్ని భవిష్యత్కాలం అనుకున్నాం.

పాపం, తప్పంతా నీ మీద వేయను. పక్కనే, అప్పట్లో అనంతపురం జిల్లాలో ఉన్న పెనుకొండలో కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం రాసుకుంటే 2019కి కారు బయటికి వచ్చింది. అక్కడా నీ చుట్టమే పునాది. నేను ఒకసారి పెళ్ళికి పోతూ బస్సు కిటికీలోంచి ఆ కార్ల వరసలు చూసి చాలాసేపు కుళ్ళుకున్నా. పక్క సీటాయన చెప్పాడు, ముందు గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణ నీళ్ళు వచ్చాయి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ అని. మా నాన్న సైకిల్ తాళం తీస్తూ అన్న మాటే అది. 2504 గురించి అడిగినా ఆయన నీళ్ళ దగ్గరే మొదలుపెట్టాడు. ఆయన్ను ఏ విజన్ కమిటీలోనూ వేయలేదు.

మొన్న షాపుకు పోతే మా తమ్ముడు ఫోన్‌తో మాట్లాడుతున్నాడు. అవతల మనిషి లేడు, ఏఐ ఉంది. ఇప్పుడు నీ మీద రాసే మ్యాటర్ దానిచేతే రాయిస్తున్నాడట, అచ్చుతప్పులు తక్కువని. ఏదో ఊళ్ళో ఏదో కేంద్రానికి శంకుస్థాపన, ఎల్లుండి పొద్దున్నే రాయి కావాలి. పేర్లు, హోదాలు, తేదీ అన్నీ చెప్పాడు. అది వరసగా పేర్చి ఇచ్చి, చివర మర్యాదగా అడిగింది: 'నిర్మాణం పూర్తయ్యే తేదీ కూడా చేర్చమంటారా?'

మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. పదేళ్ళుగా ఆ షాపుకు వచ్చిన గన్‌మెన్లు, పీఏలు, కాంట్రాక్టర్లలో ఈ మాట అడిగింది ఇదొక్కటే.

"దీనికి ఇంకా మన సంగతి తెలీదన్నా" అని వాడు 'వద్దు' నొక్కాడు.

ఉంటాను మరి. ఎండాకాలం వస్తోంది, నీ నీడలో మేకలు పడుకుంటే విసుక్కోవద్దు. ఇప్పటికి నీవల్ల బాగుపడ్డది అవే.

ఇట్లు,
నీ షాపులో రోజూ టీ తాగే
ప్రొద్దుటూరు వాసి

తా.క.: మా తమ్ముడు ఒక మాట చెప్పమన్నాడు. నీకు ముందువైపే పాలిష్ పెట్టారు, వెనకవైపు ఇంకా ఖాళీ. ఎవరన్నా పెద్దలు ఐదోసారి వస్తే కొత్త రాయి ఎందుకు, తిప్పి చెక్కి సగం రేటుకే ఇస్తాడట. ఆ వైపు పోస్టర్లు అంటించనివ్వొద్దు.