పశువులు పోయాక వచ్చిన చట్టం

2013 అక్టోబర్ 4న అమెరికాలోని సౌత్ డకోటా పశ్చిమ భాగాన్ని మంచు తుఫాను ముంచెత్తింది. ముందు గంటల తరబడి చలి వాన కురిసింది. ఆ తర్వాత ఈదురుగాలి, దానితోపాటే మంచు. ర్యాపిడ్ సిటీలో దాదాపు 23 అంగుళాలు పడింది. పశువులు ఇంకా వేసవి మేత బీళ్లలోనే ఉన్నాయి. చలికాలానికి పెరిగే దట్టమైన వెంట్రుకలు కూడా ఇంకా రాలేదు. తడిసిన ఒంటితో గాలివాటున మైళ్ల కొద్దీ నడిచి, వాగుల్లోనూ కంచెల పక్కనా వేల సంఖ్యలో కూలిపోయాయి. మీడ్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) లాంటి పల్లె ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి.

సాయం కోసం వెళ్దామంటే కౌంటీలోని వ్యవసాయ శాఖ ఆఫీసుకు తాళం. బడ్జెట్‌కు ఆమోదం దొరకక అక్టోబర్ 1 నుంచే ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఆఫీసులు మూసేసి షట్‌డౌన్‌లో ఉంది. తలుపు తెరిచి ఉన్నా ఇవ్వడానికి ఏమీ లేదు. చనిపోయిన పశువులకు పరిహారమిచ్చే పథకం గడువు 2011 సెప్టెంబర్ 30తోనే తీరిపోయింది. రెండేళ్లుగా కొత్త వ్యవసాయ చట్టం మీద అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో వాదులాట నడుస్తూనే ఉంది. చివరికి 2014 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది. పథకాన్ని శాశ్వతం చేసి, పాత నష్టాలకూ వర్తింపజేసింది. మంచి పనే. కానీ దరఖాస్తులు మొదలైంది ఏప్రిల్ 15న.

అక్కడి పశుపోషకులకు ఆ ఆరు నెలలు ఎలాంటివో చూడండి. దూడలను అమ్ముకునేది శరత్కాలంలోనే. ఏడాది ఆదాయం, బ్యాంకు అప్పు కిస్తీ అన్నీ దాని మీదే. ఆవు పోతే పక్కనున్న దూడా పోవచ్చు, కడుపులోని దూడ ఎలాగూ పోతుంది. పథకం ఇచ్చేది సగటు మార్కెట్ ధరలో 75 శాతం. కడుపులోని దూడను 2025లో మరో చట్టం వచ్చేదాకా లెక్కలోకే తీసుకోలేదు. ప్రభుత్వం కంటే ముందు ఆదుకున్నది తోటి రైతులే. ‘హైఫర్స్ ఫర్ సౌత్ డకోటా’ పేరుతో వేరే రాష్ట్రాల వాళ్లు తమ పెయ్యలను ఇచ్చారు.

ఇక రుజువుల టెన్షన్. కుళ్లిపోతున్న కళేబరాలను వెంటనే పూడ్చాలి. పూడ్చేముందు ఫొటోలు తీయాలి, చెవి ట్యాగుల నంబర్లు రాసుకోవాలి, సాక్షులను వెతకాలి. అదే కరవు సాయం తీరు చూడండి. కౌంటీ కరవు మ్యాప్‌లో నిర్ణీత తీవ్రతకు చేరితే చాలు, అక్కడ పశువులు మేపుకునే రైతు అర్హుడవుతాడు. మేత ఖర్చులో 60 శాతం లెక్కన డబ్బు వస్తుంది. ఎంత మేత ఎండిందో ఎవరికి వారు నిరూపించనక్కర్లేదు. తుఫానుకు మాత్రం ఈ పద్ధతి ఎందుకు పనికిరాదు? వాతావరణ రికార్డు చూసి కౌంటీ మొత్తానికి మొదటి విడత అడ్వాన్సుగా ఇచ్చి, మిగతాది రుజువుల మీద తేల్చవచ్చు. దొంగ లెక్కలు వస్తాయనే భయం నిజమే. అయితే ఏ రైతు ఎంత మంద మేపుతాడో తెలిసిన స్థానిక కమిటీలు ఉన్నాయి, వాటిని ఎన్నుకునేది రైతులే. రాష్ట్రంలో మిస్సోరి నదికి పడమర, పశువు ఎవరిదో తెలిపే ముద్రల తనిఖీ కూడా ఉంది.

చట్టం శాశ్వతమైనా ఆఫీసు శాశ్వతం కాలేదు. 2025 అక్టోబర్‌లో మళ్లీ షట్‌డౌన్ వచ్చింది. కౌంటీ ఆఫీసులు మూతపడి, మూడు వారాల తర్వాత ఇద్దరేసి సిబ్బందితో తెరుచుకున్నాయి. పశునష్టం నమోదును అత్యవసర సేవల్లో చేర్చి, షట్‌డౌన్‌లోనూ ఆగకూడదని చట్టంలోనే రాయాలి.